పదకొండు అడుగుల రైలు మార్గం



మీ ఇంట్లో పడకగది మంచం నుండి బాల్కనీ వరకు ఎన్ని అడుగులున్నాయో, ఆ దారిలో అన్నిటికంటే ఇరుకైన చోటు ఎన్ని సెంటీమీటర్లో మీరెన్నడైనా టేపు పట్టి కొలిచారా? నేను కొలవలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ వైద్యశాలలలో పనిచేసి, తుంటి విరిగిన వృద్ధుల కుటుంబ సభ్యులకు ‘నడిచే దారిలో అడ్డు లేకుండా చూడండి’ అని కొన్ని వందల పర్యాయాలు చెప్పిన నేను, నా ఇంటి దారిని కొలవలేదు. ఆ కొలత నా చేత తీయించినది ఒక బొమ్మ రైలు. ఈ పర్యాయం మధుమేహాన్నీ రక్తపుపోటునూ పక్కన పెట్టి దాని గురించి వ్రాస్తాను. వైద్యం మధ్యలో రాకుండా మాత్రం ఉండదు, అలవాటు అటువంటిది.

మేముండేది హైదరాబాదులోని కృష్ణానగర్. తెల్లవారకముందే చిత్రీకరణలకు మనుషులను తీసుకుపోయే వాహనాలు వచ్చి ఆగే పేట ఇది. పక్కపక్కనే నిలబడిన అపార్టుమెంట్లలో ఒకరి వంటింటి పోపు మరొకరి పడకగదిలో ఘాటెక్కుతుంది. మాది రెండు పడకగదుల ఇల్లు. మా గది నుండి పదకొండు అడుగుల నడవా దాటితే హాలు, హాలు దాటితే బాల్కనీ. బాల్కనీలో తులసికోట. ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి, కథ అంతా వీటి మధ్యనే జరుగుతుంది.

రైలు ఊసు ఎందుకు వచ్చిందో చెప్పాలి. 1970ల చివర నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. ఆ ఊరికి చిన్న రైలు ఉండేది. మద్రాసు–హౌరా ప్రధాన మార్గంలో ఉన్న నౌపడ వద్ద పెద్ద రైలు దిగి, పక్కనే ఉన్న చిన్న రైలు ఎక్కాలి. టెక్కలి, టెంబూరు మీదుగా పాతపట్నం, ఆ వెంటనే రాష్ట్ర సరిహద్దు దాటి పర్లాకిమిడి, ఆపైన కాశీనగర్, చివరకు గుణుపూర్. పర్లాకిమిడి సంస్థానాధీశులు తమ సొమ్ముతో వేయించిన మార్గమది. 1900లో పర్లాకిమిడి వరకు, 1931 నాటికి గుణుపూర్ వరకు నడిచింది. మొత్తం దాదాపు 90 కిలోమీటర్లు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. పెద్ద రైలుకు ఆ దూరం 1676 మిల్లీమీటర్లని గుర్తు చేసుకుంటే ఎంత చిన్నదో తెలుస్తుంది. నేను వెళ్ళిన రోజులలో బొగ్గు ఇంజనే లాగేది. వేగం గురించి చెప్పనవసరం లేదు. కిటికీ పక్కన కూర్చుంటే పొలంలో పనిచేసే వారితో ఒక పూర్తి సంభాషణ జరపవచ్చు.

దేశంలో విస్తృత టీకాల కార్యక్రమం 1978లో మొదలైంది. మాకు టీకాల పెట్టె మంచు ముక్కలతో ఆ రైలులోనే వచ్చేది. మంచు కరగకముందే పెట్టె మాకు చేరాలి. నేను స్టేషనులో గడియారం చూస్తూ నిలబడేవాణ్ణి. అట్లా ఎదురు చూసిన రైలును మనిషి మరువడు. పైగా నా శ్రీమతిది టెక్కలి. పెళ్ళయిన కొత్తలో పుట్టింటికి వెళ్ళడానికీ రావడానికీ ఆమెకు అదే వాహనం. 2004లో ఆ చిన్న పట్టాలు తీసివేశారు. 2011 నాటికి గుణుపూర్ వరకు పెద్ద పట్టాలు పడ్డాయి. ఆ ప్రాంత ప్రజలకు అది మేలే. నాకు మాత్రం ఎక్కడో ఒక పళ్ళు ఊడినట్టయింది.

పదవీ విరమణ తరువాత కొన్నేళ్ళకు అమెరికాలోని మా అబ్బాయి ఒక చిన్న ఇంజనును పంపాడు. అరచేతిలో ఇమిడిపోతుంది. ఆస్ట్రియా దేశంలో 760 మిల్లీమీటర్ల మార్గాలపై నడిచిన ఇంజనుకు 87వ వంతు నమూనా. మన చిన్న రైలుకూ దానికీ తేడా రెండే మిల్లీమీటర్లు! నల్ల రంగు వేసి, నౌపడ ఇంజను అని పేరు పెట్టి, అద్దాల బీరువాలో దాచాను. ‘ఎప్పుడో ఒకప్పుడు మార్గం కట్టాలి’ అనుకుంటూ ఏళ్ళు గడిపాను.

గత సంవత్సరం కార్తీకంలో నా శ్రీమతి రాత్రివేళ స్నానాలగదిలో జారి పడింది. కుడి తొడ ఎముక మెడ భాగం విరిగింది. విరిగిన శిరస్సును తొలగించి లోహపు శిరస్సు అమర్చారు. శస్త్రచికిత్స బాగా జరిగింది. రెండవ రోజే వాకరు పట్టుకొని నిలబడింది. ఇంటికి వచ్చాక ఫిజియోథెరపిస్టు చెప్పినది ఒక్కటే: రోజుకు ఐదారు సార్లు నడవాలి, దూరం కొద్దికొద్దిగా పెంచాలి. ఆమె తనకు తానే ఒక గమ్యం పెట్టుకున్నది. ఉదయమూ సాయంత్రమూ తులసికోట దాకా వెళ్ళి, ఒక చేత్తో బాల్కనీ కమ్మీ పట్టుకొని, మరొక చేత్తో చెంబుడు నీళ్ళు పోసి రావడం.

తుంటి విరిగిన వృద్ధులను నడిపించడానికి వైద్యులు అంత తొందరపడతారెందుకని మీలో కొందరు అడుగుతుంటారు. వయసు మీరిన వారిలో కండరం కరిగే వేగం మీరు ఊహించలేరు. ఏ జబ్బూ లేని వృద్ధులను పది రోజులు మంచంపై ఉంచి పరీక్షిస్తే, వారి కాళ్ళ నుండే సుమారు ఒక కిలో కండర భారం తగ్గింది. ఆరోగ్యవంతులకే అది జరిగితే, ఎముక విరిగిన వారి సంగతి చెప్పేదేమున్నది? కరిగినంత తేలికగా అది తిరిగి రాదు.

ఇంతా తెలిసిన నేను మాఘమాసంలో ఏమి చేశానో వినండి.

ఇంట్లోనే ఎక్కువసేపు ఉండవలసి రావడంతో, ఇక రైలు మార్గం కట్టే సమయం వచ్చిందనుకున్నాను. కాగితంపై పథకం గీశాను. నౌపడ అంటే పెద్ద రైలు కూడా ఉండాలి కదా అని రెండు మార్గాలూ పెట్టాను. ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. 87వ వంతు నమూనాలను లోకమంతా హెచ్‌.ఓ. అంటుంది. పెద్ద రైలు నమూనాలకు పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ రైలు పట్టాలు తప్పకుండా తిరగాలంటే వంపు వ్యాసార్ధం కనీసం 18 అంగుళాలు కావాలి. అంటే వలయం వెడల్పు 36 అంగుళాలు. అంచులకు చెరో రెండు అంగుళాలు వదిలితే 40. కనుక నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న బల్ల చేయించాను. దానిని ఎక్కడ పెట్టాలి? గదులలో చోటు లేదు. హాలులో, బాల్కనీ తలుపుకు ఎదురుగా పెట్టించాను. వెలుతురు బాగా వస్తుందని నాకు ఆనందం కూడా కలిగింది.

మూడు వారాలు పట్టాలు పరచడంలోనే మునిగిపోయాను. ఒకనాటి ఉదయం మా పనిమనిషి తులసికోటలో నీళ్ళు పోయడం చూసి, “అమ్మగారు పోస్తారు కదా, నువ్వెందుకు పోస్తున్నావమ్మా?” అన్నాను. ఆమె నా వంక వింతగా చూసింది. “ఇన్నాళ్ళ నుంచీ నేనే పోస్తున్నా సార్. ఆ బల్ల పక్క నుంచి అమ్మ రాలేరు గదా.”

అప్పుడు టేపు తీశాను. బల్లకూ గోడకూ మధ్య 50 సెంటీమీటర్లు. వాకరు వెడల్పు 60.

నా శ్రీమతి ఒక్క మాట అనలేదు. ‘ఎన్నాళ్ళకో ఒక వ్యాపకం దొరికింది, ఎందుకు చెడగొట్టడం’ అనుకున్నదట. ఆ మాట తరువాత ఎప్పుడో చెప్పింది. నేను ఆమె మాత్రలు లెక్కపెట్టి ఇస్తూనే ఉన్నాను, రక్తపుపోటు చూస్తూనే ఉన్నాను. నడక ఎక్కడ ఆగిపోయిందో చూడలేదు.

మీరు ఇంట్లో చేయగల ఒక పరీక్ష ఉన్నది. చేతులున్న కుర్చీలో పెద్దవారిని కూర్చోబెట్టండి. లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనుతిరిగి వచ్చి, మళ్ళీ కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. వాకరు వాడేవారు వాకరుతోనే నడవవచ్చు. మీరు పక్కనే ఉండాలి. 12 సెకన్లు లేదా అంతకు మించి పడితే వారు పడిపోయే ప్రమాదం ఉన్నదని భావించి వైద్యునికి చూపాలి. పుష్య మాసంలో నా శ్రీమతికి 24 సెకన్లు పట్టింది. శస్త్రచికిత్స అయిన రెండు నెలలకు అది నిరాశపడవలసిన సంఖ్య కాదు. ఆ ఉదయం మళ్ళీ చూశాను. 31.

బల్ల ఆనాడే తీసివేయాలనుకొని, కింది అంతస్తులో ఉండే ఒకాయనను సాయం పిలిచాను. ఆయన సినిమాలలో కళావిభాగంలో వడ్రంగి పనీ రంగుల పనీ చేస్తారు. థర్మోకోలును రాతిగోడ చేయడం, ప్లైవుడ్డును దేవాలయ ద్వారం చేయడం ఆయన నిత్యకృత్యం. పేరు వ్రాయవద్దన్నారు. బల్ల విప్పబోతూ జరిగినదంతా విన్నారు. విని, “సార్, రైలు కట్టడం మానెయ్యకండి. కెమెరా ఎక్కడుంటుందో ముందు చెప్పండి” అన్నారు.

నాకు బోధపడలేదు. ఆయన వివరించారు. సెట్టు వేసేవారు ముందు అడిగేది కెమెరా ఎక్కడ అని. కెమెరా చూడని వైపు ఒక్క మేకు కూడా కొట్టరు. కోట అంటే ముందు గోడే, వెనుక అంతా వెదురు కర్రలూ తాళ్ళూ. “మీరు అన్ని వైపులా చూడాలని బల్ల చేయించారు. అందుకే ఇల్లంతా తిన్నది. చూసేవాళ్ళు ఒక వైపే ఉంటే ఒక చెక్క చాలు.”

చూసేవాళ్ళు ఎవరు? ఎక్కడ నిలబడతారు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి నడవాను కొలిచాను. పొడవు పదకొండు అడుగులు, 335 సెంటీమీటర్లు. వెడల్పు 127. ఒక గోడకు ఏ తలుపూ లేదు. ఎదుటి గోడకు స్నానాలగది తలుపు ఉన్నది.

ఇక పథకం తలకిందులైంది. మునుపు రైలు మార్గం గీసి, మిగిలిన చోటు మనుషులకు వదిలాను. ఈసారి మనిషికి 90 సెంటీమీటర్లు ముందుగా గీసి పెట్టాను. వాకరు వెడల్పు 60, చేతులకూ మోచేతులకూ అటూ ఇటూ 15. స్నానాలగది ఉన్న గోడకు పట్టుకమ్మీ బిగించాలి; దానికి 8 సెంటీమీటర్లు. మిగిలినది 29. చేయి జారితే, తూలితే కొంత సందు ఉండాలి కనుక రైలుకు 25 ఇచ్చాను. కమ్మీ, బల్ల పోగా నడిచేవారికి 94 సెంటీమీటర్లు మిగిలాయి.

25 సెంటీమీటర్లలో ఏ రైలు నడుస్తుంది? పెద్ద రైలు మాట ఎత్తవద్దు. చిన్న రైలు నడుస్తుంది. 762ను 87తో భాగించండి: 8.76. మార్కెట్లో 9 మిల్లీమీటర్ల పట్టాలు దొరుకుతాయి. ఎన్ అనే మరొక చిన్న ప్రమాణం కోసం చేసినవి అవి. తేడా పావు మిల్లీమీటరు. మన పెద్ద రైలు 1676ను అట్లాగే భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది, దానిని 16.5 పట్టాలపై నడిపితే కొలత తప్పు. ఎన్నాళ్ళూ పెద్ద రైలు లేకపోతే నౌపడ నౌపడే కాదనుకున్నాను. తీరా చూస్తే నా కొలతలకు న్యాయం చేసేది ఆ చిన్న రైలే.

వలయం మాత్రం కుదరదు. రైలు ఒక చివర నుండి మరొక చివరకు వెళ్ళి, ఇంజను అటు తిరిగి ముందుకు వచ్చి, వెనక్కు రావాలి. వలయంలో రైలు గుండ్రంగా తిరుగుతుంటే పది నిమిషాలలో విసుగు పుడుతుంది. ఇక్కడ ప్రతి ప్రయాణానికీ ఒక చివర ఉన్నది, అక్కడ పని ఉన్నది. అసలు రైలు కూడా ఏనాడూ గుండ్రంగా తిరగలేదు కదా.

తరువాత ఏమి వదలాలి అన్న ప్రశ్న. 90 కిలోమీటర్లను 87వ వంతు చేస్తే ఒక కిలోమీటరు దాటుతుంది. నా నడవాను 87తో గుణిస్తే 291 మీటర్లు. అంటే ఒక స్టేషను ఆవరణకు సరిపోయే జాగాలో మొత్తం మార్గం పట్టాలి. కాగితం ముందు పెట్టుకొని కొట్టివేయడం మొదలుపెట్టాను. టెంబూరు కొట్టివేశాను. కాశీనగర్ పోయింది. నేను పనిచేసిన పాతపట్నం ఉండాలి. రైలు పుట్టిన నౌపడ ఉండాలి. టెక్కలిని కొట్టివేస్తే ఇంట్లో అన్నం దొరకదు. మూడు స్టేషన్లు: నౌపడకు 110 సెంటీమీటర్లు, టెక్కలికి 70, పాతపట్నానికి 95. మిగిలిన 60లో గుణుపూర్. దానికి స్టేషను లేదు. మహేంద్రగిరి కొండల బొమ్మ వేసిన గుడ్డ తెర వెనుక ఒక చెక్క, దానిపై రెండు అల్యూమినియం కోణపు పట్టీలే పట్టాలుగా ఉన్నాయి. రైలు తెర వెనక్కు వెళ్ళి ఆ చెక్కపై ఆగుతుంది. చెక్కను చేత్తో ఎత్తి తిప్పి పెడితే రైలు తిరిగి రావడానికి సిద్ధం. విదేశాలలో చోటు తక్కువైన వారంతా ఈ ఉపాయం వాడతారు.

పాతపట్నం లెక్క ఒక్కటి వివరంగా చెబుతాను, ఎవరైనా ఇంట్లో ప్రయత్నిస్తే ఉపయోగపడుతుంది. నా రైలు ఇంజను 9 సెంటీమీటర్లు, పెట్టెలు మూడు, ఒక్కొక్కటి 10. కొక్కేలతో కలిపి 40 అనుకోండి. ఇంజను రైలును విడిచి పక్క పట్టాపై నుండి రెండవ చివరకు రావాలంటే రెండు మలుపు పట్టాలు కావాలి. నేను తెప్పించిన జపాను కంపెనీ మలుపు పట్టా పొడవు 12.6 సెంటీమీటర్లు. రెండూ కలిపి 25. చివర ఇంజను నిలవడానికి మరొక 12. మొత్తం 77. పాతపట్నానికి ఇచ్చిన 95లో ఇంకా 18 మిగిలాయి. ఒక గూడ్సు పెట్టె నిలిచే కొమ్మ పట్టా వేశాను. నాలుగు పెట్టెల రైలు కావాలని నాకు చాలా కోరికగా ఉండేది. నాలుగవది పెడితే ఈ లెక్క చెడుతుంది. కనుక మూడే. రైలును ముందు నిర్ణయించి స్టేషను కొలవకండి. స్టేషనును కొలిచి రైలు ఎన్ని పెట్టెలో తేల్చుకోండి.

నౌపడలో పెద్ద రైలు ఇప్పుడు గోడపై బొమ్మ. మా కింది ఇంటాయన వేసిచ్చారు. దూరంగా పొగ, ఒక సిగ్నలు, వరుసగా పెట్టెలు. పక్కనే ఉప్పు మడులు, ఎందుకంటే నౌపడ ఉప్పుకు ప్రసిద్ధి. ఇక్కడ నేను తెలివి ప్రదర్శించి మడులలో నిజమైన ఉప్పు పోశాను. జూన్ వానలకు ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చి నీరై పట్టాల కిందికి చేరింది. తీగల అతుకులు పచ్చబడ్డాయి, ఇంజను ఆగి ఆగి నడవసాగింది. ‘ఇంట్లో అందరికీ ఉప్పు తగ్గించమని చెప్పి మీరే పోశారా’ అని నా శ్రీమతి నవ్విన నవ్వు చాలా రోజులకు విన్నాను. ఇప్పుడు అక్కడ పాలరాతి పొడి ఉన్నది.

టెక్కలిలో పక్క పట్టా లేదు. ఒక అరుగు, ఒక రేకుల కప్పు, ఒక వేపచెట్టు. అది పూర్తయిన రోజున ఆమెను పిలిచాను. వాకరుతో వచ్చి నిలబడి, తదేకంగా చూసి, “ఏటండీ ఇది! ఆ చెట్టు అటుపక్క కదా ఉండేది!” అన్నది. కృష్ణానగర్‌లో ఇన్నేళ్ళున్నా ఆ ‘ఏటి’ పోలేదు. చెట్టును పీకి అటుపక్కన నాటాను. మరునాడు వచ్చి చూసి, అరుగు కూడా అంత ఎత్తు లేదన్నది. ఆ తరువాతి రోజున బండి దిగగానే కనిపించే బావి ఏదని అడిగింది. నాకు బావి గుర్తు లేదు. ఉన్నదని ఆమె, లేదని నేను. బావి కట్టాను. ప్రతి తప్పునూ చూపించడానికి ఆమె మంచం దిగి టెక్కలి దాకా నడిచి వస్తున్నదని నాకు నాలుగవ రోజున కానీ తట్టలేదు. ఆ తరువాత ఒకటి రెండు తప్పులు నేను కావాలనే చేశాను. ఆమె ఈ వ్యాసం చదువుతుంది, పరవాలేదు.

పట్టుకమ్మీ గురించి చెప్పాలి. ఆమె చేతులు కిందికి వేలాడవేసి నిలబడితే మణికట్టు ఎంత ఎత్తున ఉన్నదో కొలిచి ఆ ఎత్తున, 82 సెంటీమీటర్ల వద్ద, బిగించాము. అందరికీ ఒకే ఎత్తు పనికిరాదు. కమ్మీ గుండ్రంగా, పిడికిలి పూర్తిగా మూసుకునేంత సన్నగా ఉండాలి. గోడకూ కమ్మీకీ మధ్య వేళ్ళు పట్టాలి, మోచేయి ఇరుక్కునేంత సందు ఉండరాదు. ఇటుక గోడలోకి దిగే బలమైన మరలు వాడాలి. మనిషి బరువంతా పడినా ఊడరాదు. చిక్కంతా స్నానాలగది తలుపు వద్ద వచ్చింది. అక్కడ 75 సెంటీమీటర్ల మేర కమ్మీ తెగిపోయింది. అది సరిగ్గా టెక్కలికి ఎదురుగా ఉన్నది. మొదట్లో ఆమె అక్కడికి రాగానే ఆగిపోయేది. తలుపుకు రెండు పక్కలా నిలువు పట్టుకమ్మీలు బిగించాక, ఒకదానిని విడవకముందే మరొకటి అందుతున్నది. చోటు తెలిసిన మనిషికి చేయి చాపితే ఏమి దొరుకుతుందో తెలిసి ఉండడమే సగం ధైర్యం.

రైలు చెక్కను నేల నుండి 110 సెంటీమీటర్ల ఎత్తున, కింద కాళ్ళు లేకుండా, గోడకు బిగించిన ఇనుప బ్రాకెట్లపై నిలిపాము. నేలపై కాళ్ళుంటే వాకరు తగులుతుంది. ముందు అంచును గుండ్రంగా చెక్కించాను, మోచేయి తగిలినా చర్మం చిట్లకుండా. ముసలితనంలో చర్మం తడి కాగితం వలె చిరుగుతుంది, రక్తం పలుచబడే మాత్రలు వేసుకునే వారికి మరీను. ఆ ఎత్తున పని చేయడం నాకూ మంచిదే అయింది. బల్లపై వంగి పనిచేసిన మూడు వారాలు మెడనొప్పి మిగిల్చాయి. నిలబడి, మోచేతులు చెక్కపై ఆనించి పనిచేస్తే నొప్పీ లేదు, కుడిచేతి వణుకు కూడా పట్టాల దగ్గరికి వచ్చేసరికి సద్దుమణుగుతుంది. ఆ వణుకు పార్కిన్సన్స్ కాదు. నాకు నలభై ఏళ్ళ నుండి ఉన్నదే.

తీగలు నేలపై ఒక్కటి కూడా లేవు. రైలుకు కావలసినది 12 వోల్టులే, కానీ దానినిచ్చే పెట్టె గోడ ప్లగ్గులోని 230 వోల్టులపై నడుస్తుంది. దాని తీగ గోడ వెంట ప్లాస్టిక్ గొట్టంలో పోతుంది. పట్టాలకు తీగలు అతికే సీసపు టంకం పని మాత్రం బాల్కనీలోనే చేస్తాను. ఆ పొగ ఉబ్బసం ఉన్నవారికి పడదు. సీసం చేతులకు అంటుతుంది, సబ్బుతో కడుక్కోకుండా ఏదీ తినరాదు. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న చిన్న దీపాలలో బొత్తాల వంటి బ్యాటరీలతో వెలిగేవి కొన్ని ఉన్నాయి. వాటిని తిరిగి ఇచ్చివేశాను. మనుమలు వచ్చే ఇల్లు. అటువంటి బ్యాటరీ పసిపిల్లల అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటలలోనే తీవ్రమైన పుండు పడగలదు. మింగాడని అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ‘విరేచనంలో పోతుందిలే’ అని వేచి ఉండకండి.

కృష్ణానగర్ దుమ్ము సంగతి వేరే చెప్పాలా? రెండు రోజులకొకసారి పట్టాలు తుడవకపోతే ఇంజను కదలదు. ఇంజెక్షనుకు ముందు చర్మం తుడిచే స్పిరిటునే దూదికి అద్ది తుడుస్తాను. ఆ పని ఇప్పుడు నాది కాదు. నౌపడ నుండి తెర దాకా తుడుచుకుంటూ పోవడం నా శ్రీమతి చేస్తున్నది. ఎడమ చేత్తో కమ్మీ, కుడి చేత్తో దూది పట్టుకొని, వాకరు లేకుండా అడ్డంగా అడుగులు వేస్తుంది. ఇట్లా పక్కకు నడవడం తుంటి పక్క కండరాలకు మంచి వ్యాయామం. ఫిజియోథెరపిస్టు చూసి, ఇది నేను చెప్పినది కాదే అని, తరువాత తలూపారు. మొదటి పర్యాయం నేను ఆమె వెనుకనే చేతులు చాచి నిలబడ్డాను. ‘మీరట్లా ఉంటే నాకు భయం వేస్తుంది, పక్కకు జరగండి’ అన్నది. జరిగాను, ఒక్క అడుగు.

నిన్న మళ్ళీ కుర్చీ వేసి పరీక్ష పెట్టాను. 19 సెకన్లు. ఇంకా 12కు చాలా దూరం ఉన్నది. వాకరు పూర్తిగా వదలగలదని నేను చెప్పను. తులసికి నీళ్ళు మాత్రం ఆమే పోస్తున్నది. బల్ల పోయిన తరువాత హాలు ఖాళీగా, విశాలంగా ఉన్నది.

ఆ ఖాళీనే ఇప్పుడు చిక్కు తెచ్చింది. పాతపట్నం దాటగానే పర్లాకిమిడి ఉండాలి కదా, తెర ఏమిటి అన్నది ఆమె ప్రశ్న. నడవా అయిపోయిందన్నాను. హాలు గోడ వెంట, బాల్కనీ దాకా వేయవచ్చుగా అన్నది. వేయవచ్చు. నడవా చివర మూల తిరగాలి. చిన్న రైలుకు 9 అంగుళాల వ్యాసార్ధం చాలు, కనుక మూల కుదురుతుంది. మధ్యలో బాల్కనీ తలుపు వస్తుంది. దానిని దాటించాలంటే కీలుపై పైకి లేచే వంతెన కావాలి. వంతెన కింద వంగి దూరే పద్ధతి కొందరు పెడతారు, మా ఇంట్లో అది పనికిరాదు. అది పైకి లేచినప్పుడు వాకరుకు 90 సెంటీమీటర్లు మిగలాలి. తలుపు వెడల్పు నాకు గుర్తు లేదు. నేను కళ్ళద్దాలు వెదుకుతుండగా ఆమె టేపు తీసుకొని, కమ్మీ పట్టుకొని, హాలు వైపు బయలుదేరింది.